పెదనాయన కాపలా కాసిన మధ్యాహ్నం

పక్క ఫ్లాట్లో ఎవరో తాలింపులో ఎండుమిరపకాయలు మాడ్చారు. మా ఇంటిల్లిపాదీ దగ్గుతున్నారు. నాకు మాత్రం ఆ ఘాటు తగిలితే దగ్గుకంటే ముందు కోపం వస్తుంది. అరవై ఏండ్ల కిందటి కోపం, ఇంకా పచ్చిగానే ఉంది.

జమ్మలమడుగులో మాది మట్టిమిద్దె. కింద పరిచిన నాపరాళ్ళు చలికాలం అరికాళ్ళు కొరికేవి, ఎండాకాలం వాటిమీదే పొట్ట ఆనించి పడుకునేవాళ్ళం. వేరుశనగ పంటప్పుడు ఇల్లంతా ఉడికిన పచ్చికాయల వాసన, ఉగాదికి ఓళిగల వాసన, మేం అచ్చనగండ్లాడే మూలలో ఆముదం కలిసిన సుబ్బులత్త వాసన. సుబ్బులత్త నాయనకు చెల్లెలు. పెండ్లయిన ఏడాదికే మతి చెదిరి పుట్టింటికి చేరింది. గోడతో మాట్లాడేది, ఉన్నట్టుండి వీధిలోకి పరుగెత్తేది, అమ్మ చేత్తో పెడితే తప్ప సంగటి ముద్ద ముట్టేది కాదు. రాత్రనక పగలనక అమ్మే కాపలా.

మా పెదనాయన మాత్రం గంజిపెట్టిన పంచె నలగకుండా అరుగు మీద కుర్చీలో కూర్చుని తీర్పులు చెప్పేవాడు. తన అన్న మాటకు నాయన ఎదురాడేవాడు కాదు. ఒకరోజు పెదనాయన దెయ్యం వదిలిస్తానని మంత్రగాణ్ణి పిలిపించి, అత్తను గదిలో పెట్టి తలుపులు మూయించి, నిప్పుల మీద పిడికెడు మిరపకాయలు పోయించాడు. లోపలినుంచి అత్త అరుపులు! తలుపు తోసుకుని వెళ్ళి ఆమెను బయటికి లాక్కొచ్చింది అమ్మే, అదీ నిండుచూలాలై ఉండి.

పెదనాయన ఏమన్నాడో తెలుసా?

"ఒక ఆడమనిషిని కాసుకునేదానికి ఇంత రచ్చనా? గొలుసేసి యాడికన్నా తోలేస్తా."

నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఆ తెల్ల పంచె మీద పేడనీళ్ళు కుమ్మరించాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

తమ్ముడు పుట్టాక బిడ్డను చూడ్డానికి సర్కారు ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. తెల్లచీర, తోలుసంచి, ఎవరికీ జంకని గొంతు. గడపలోనే ఎదురుపోయి పెదనాయన మాట పొల్లుపోకుండా చెప్పేశాను. ఆమె బిడ్డను చూసింది, అత్తను చూసింది, చివరికి అమ్మ గడ్డం పట్టుకుని మొహం ఎత్తింది.

"నువ్వు కన్ను మూసి ఎన్నాళ్ళయిందమ్మా?"

ఆ ఇంట్లో ఆ మాట అడిగినవాళ్ళే లేరు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇది దెయ్యం గాదు, జబ్బు. నీ తప్పు రవ్వంత గూడా లేదు. నువ్వు పడిపోతే ఈమెకు దిక్కెవరు?" అని చెప్పి, నర్సమ్మ నేరుగా అరుగు మీదికి నడిచింది.

"ఈ తల్లి నిద్రపోవాల. అంతసేపూ నీ చెల్లెల్ని నువ్వు కాసుకో."

"నేనా?"

"ఆడమనిషిని కాసుకునేదానికి రచ్చెందుకంటివంట గదా. రాప్పా."

కిటికీ చువ్వలు పట్టుకుని కండ్లారా చూశాను. అత్త సంగటి ముద్ద ఆయన పంచె మీద ఉమ్మింది. "అన్నా, నన్ను యాడికి తోలేస్తాండావు?" అని అడిగింది, మళ్ళీ అడిగింది, వంద సార్లు అడిగింది. గంట తిరక్కుండానే ఆయన చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. గడపలో ముక్కాలిపీట వేసుకున్న నర్సమ్మ కదల్లేదు. "ఇంగా గంటుండాది, లోపలికి పో" అంది. అమ్మ గురకపెట్టి నిద్రపోతోంది. ఆ గురకంత తియ్యని చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

ఆనాటినుంచి వారానికి రెండు మధ్యాహ్నాలు ఆయనకు అదే వంతు. గొలుసు మాట మళ్ళీ ఎత్తలేదు. పదేండ్ల తర్వాత అత్త అమ్మ ఒడిలోనే పోయింది.

ముసలితనంలో పెదనాయనకే మతి తప్పింది. ప్రొద్దుటూరులో కొడుకింట్లో ఉంటే చూడ్డానికి వెళ్ళాను. జాలితో కాదు, అబద్ధమెందుకు? వదిన కండ్లు అచ్చం ఆనాటి అమ్మ కండ్లు. అన్న వరండా కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "నిద్రపోయి ఎన్నాళ్ళయింది వదినా?" అని అడిగి ఆమెను పడుకోబెట్టాను, అన్నను లేపి లోపలికి తోశాను. పెదనాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నన్ను యాడికి తోలేస్తాండారు?"

యాడికీ లేదు అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. అనలేదు.

మిద్దె కూలిపోయింది, అరుగు రోడ్డులో కలిసింది, అమ్మా నర్సమ్మా పెదనాయనా లేరు. పక్క ఫ్లాటువాళ్ళు కిటికీలు తెరిచినట్టున్నారు, ఘాటు తగ్గింది. ఆయన మళ్ళీ ఎదురొచ్చి అడిగితే యాడికీ లేదని ఇప్పుడైనా చెబుతానా అంటే, చెప్పను.