వేలిముద్ర చదువు

మా వదిన లెక్కల టీచరు. పిల్లల మొహాలు చూసి పాఠం చెప్పే మనిషి. "అర్థమైందా?" అంటే తరగతంతా "ఆఁ" అంటుంది. అందులో ఎవరిది ఉత్తుత్తి "ఆఁ"నో వాళ్ల కళ్లే పట్టిచ్చేసేవట. అలాంటి మనిషిని వంటింటి పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేశారు. బడి ఆన్‌లైన్ అయింది. పిల్లల ఇళ్లలో నెట్ అంతంతమాత్రం, అందుకని కెమెరాలు ఆపేయమన్నారు. తెర మీద మొహాలు పోయి పేర్లు మిగిలాయి. అర్థమైనవాళ్లు బొటనవేలి బొమ్మ నొక్కాలి.

"చెప్పి చెప్పి చివరికి అందరినీ వేలిముద్రగాళ్లను చేశావు, వదినా" అని ఆటపట్టించాను. నవ్వలేదు.

తరగతిలో ఒక పిల్ల ఉంది. చచ్చినా నోరు విప్పదు కాబట్టి వదిన దానికి వాగుడుకాయ అని ముద్దుపేరు పెట్టింది. భిన్నాలు దానికి కొరకరాని కొయ్య. బడిలో అయితే అట్టముక్కలు కత్తిరించి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. ఇప్పుడేమో అందరికంటే ముందు దాని వేలే లేస్తోంది. వదిన పొంగిపోయింది.

నెల తిరిగేసరికి ఆ ఆన్‌లైన్ బడిని నడిపే యంత్రం వేళ్లు లెక్కపెట్టుకుని, ఎవరినీ అడక్కుండా వాగుడుకాయను పై గుంపులోకి ఎక్కించేసింది. అక్కడ టీచరు ఉండరు, ముందే తీసిపెట్టిన వీడియోలే. మెచ్చుకుందామని వదిన ఫోన్ చేసింది. మాటల్లో, "సగంలో సగం ఎంతమ్మా?" అంది. "సున్నానా, టీచర్?" అంది పిల్ల.

"మరి అర్థమైందని ఎందుకు నొక్కావే?"

"నొక్కకపోతే నేను రాలేదనుకుంటారు కదా, టీచర్."

అంటే ఇన్నాళ్లూ అది హాజరు పలికిందన్నమాట. ఇదంతా పక్కనే ఉండి విన్నాను.

పిల్లను వెనక్కి పంపమని వదిన ఆఫీసువాళ్లను బతిమాలింది. "అర్థమైందని పాపే ఒప్పుకుంది కదండీ. పైకి పంపడమే ఉంది, కిందికి దించడం ఇందులో లేదు. పైవాళ్లకు రాస్తాను" అన్నాడు గుమస్తా. ఆ పైవాళ్లు ఎంత పైన ఉంటారో ఆ మహానుభావుడికే తెలియాలి. నాకు ఒళ్లు మండిపోయింది. వదినకు కోపం కూడా రాలేదు, అది చూసే నాకు భయం వేసింది.

పోనీ ఫోన్లో తనే చెబుదామంటే వాళ్లింట్లో ఉన్నది ఒక్కటే ఫోను. బడి అయిపోగానే ఆ ఫోను వాళ్ల నాన్నతో పనికి పోతుంది. బడి వేళలో వదినకు తన తరగతులు.

మొన్న భోజనాల వేళ ఆ పిల్లే ఫోన్ చేసింది. అది తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"టీచర్, వీడియోలో సారు అర్థమైందా అని అడుగుతున్నారు. నొక్కడానికి వేలు లేదు. నేను వచ్చానని ఎవరికి చెప్పాలి?"



"నాకు చెప్పమ్మా" అంది వదిన.

"వచ్చాను, టీచర్" అంది పిల్ల. వెంటనే, వీడియో మొదలైపోతుందని ఫోన్ పెట్టేసింది.