గల్లీ మలుపు తిరిగేదాకా భూతకాలమే

“నోరు కడుక్కో పిల్లా! డ్యూటీకి పోయేటోడు గడప దాటుతాంటే రాడంటవా? పదిమంది పోరగాళ్లతోని అనిపిస్తవా?”

“నేను ఆయనను అనలే అత్తమ్మా. అది పాఠం.”

“ఏం పాఠం? ‘రాడు, రాడు’ అని పాట పాడిచ్చుడు పాఠమా? మా ఊరు లక్కడ్‌కోట్‌ల పగోడు గూడ గట్ల అనడు!”

రాకేష్ గల్లీ మలుపు దగ్గరే సైకిలు దిగాడు. క్లాసుకు ఆలస్యమైందని ఎగశ్వాసతో తొక్కుకుంటూ వచ్చినవాడికి పాఠం వినబడలేదు, బాలమ్మ గొంతు వినబడింది. చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్ల గోడలు పల్చన. ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్లవాళ్లు తుమ్ముతారు. ఇక బాలమ్మ వాకిట్లో నిలబడి అరిచాక ఇంట్లో ఎవరుంటారు? గల్లీ మొత్తం బయటే ఉంది.

జరిగింది ఇది. బాలమ్మ కోడలు జయ వరండాలో ఇంగ్లీషు క్లాసు నడుపుతుంది. పాత బీరువా తలుపుకు నల్లరంగు పూస్తే అదే బోర్డు. ఆరోజు భవిష్యత్ కాలం మొదలుపెట్టి, ‘హీ విల్ కమ్, హీ విల్ నాట్ కమ్’ అని అందరిచేతా గట్టిగా చెప్పిస్తోంది. సరిగ్గా అప్పుడే ఆమె భర్త వినాయక్ సెకండ్ షిఫ్టుకు టిఫిన్ డబ్బా తగిలించుకుని సైకిలు బయటికి తీశాడు. చాటలో బియ్యం ఏరుతున్న బాలమ్మ, ఏమంటున్నారని క్లాసులో తనకు దగ్గరగా కూర్చున్న ధనరాజ్‌ను అడిగింది. వాడికి తెలివి చూపించాలనిపించింది.

“వస్తడు, రాడు అంటున్నం పెద్దమ్మా” అన్నాడు.

భూమిలోపలికి దిగి పనిచేసేవాళ్ల ఇళ్లు అవి. మనిషి బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడగరు. ఎప్పుడొస్తావని అసలే అడగరు. పోయేవాడు కూడా ‘పోతున్న’ అనడు, ‘పోయొస్త’ అంటాడు. అలాంటి ఇంటిముందు పది గొంతులు కలిసి రాడు, రాడు అంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది?

వినాయక్ ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేలమీద పెట్టి నిలబడిపోయాడు.

“లోపలికొచ్చి కూసో బిడ్డా. నీళ్లు తాగి మళ్ల పో” అంది బాలమ్మ.

“సైరన్ అయితది అవ్వా. హాజరీ పోతది.”

“హాజరీ పోతే పోనీ. మనిషి దక్కాలె.”

వినాయక్ సైకిలు గోడకు ఆనించి లోపలికి వెళ్లాడు, కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, మళ్లీ బయల్దేరాడు. అతను మలుపు తిరిగేసరికి గని సైరన్ మోగనే మోగింది.

రాకేష్‌కు ఒళ్లు మండింది. తప్పెవరిదని తేల్చుకునే ఓపిక కూడా వాడికి లేదు. చంద్రపూర్ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చాడు. వాళ్ల నాన్న గనిలోనే చేసి గనిలోనే రిటైరయ్యాడు. తండ్రి దిగిన గనిలోకి కొడుకూ దిగే రోజులు పోయాయి. తొంభై అయిదులో ఎవరిని కదిపినా ఒకటే మాట, కొత్త పాలసీ వచ్చింది, భర్తీ బంద్ అని. ఇక మిగిలింది ఉప్పర్వాహి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు. అక్కడ ఇంగ్లీషులో అడుగుతారు. ధనరాజ్ ఒకసారి వెళ్లొచ్చాడు. అయిదేళ్ల తర్వాత నువ్వు ఎక్కడుంటావని అడిగితే, ‘దుర్గాపూర్ సర్’ అని వచ్చాడు. గల్లీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రాకేష్ కూడా నవ్వాడు. ఇంటికెళ్లాక మాత్రం, తననే అడిగితే ఏం చెప్పేవాడినా అని ఆలోచిస్తే ఏమీ తోచలేదు.

ఆ జవాబు చెప్పడం నేర్పగలిగింది ఆ చుట్టుపక్కల జయ వదినె ఒక్కతే. ఆమె పుట్టిల్లు రాజురా. తండ్రికి విత్తనాల దుకాణం. చంద్రపూర్‌లో హాస్టల్లో ఉండి బీఏ చేసింది. అందరూ అనుకున్నట్టు ఆమె ఇంగ్లీషు పుస్తకాల్లోంచి రాలేదు. హాస్టల్ గదిలో ఆమెతోపాటు ఒక కేరళ అమ్మాయి ఉండేది. ఆ పిల్లకు మరాఠీ రాదు, తెలుగు రాదు. బకెట్ దగ్గరా, ఫ్యాన్ దగ్గరా, కిటికీ తలుపు దగ్గరా మూడేళ్లు కొట్లాడుకున్నారు, అంతా ఇంగ్లీషులోనే. “కోపం వస్తె గ్రామర్ అదే వస్తది” అనేది జయ. పరీక్షలైన నెలకే పెళ్లి చేశారు. గని ఉద్యోగం గట్టిదన్నారు. అది నిజమే. కానీ ఆ ఉద్యోగం వినాయక్‌ది. జయ రోజంతా అతని షిఫ్టు ప్రకారం లేవాలి, వండాలి, చప్పుడు చెయ్యకుండా తిరగాలి. మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆ క్లాసు ఒక్కటే ఆమెది. అది పోతే ఇంకేమీ లేదు. ‘అది పాఠం’ అన్న ఒక్క మాట తప్ప ఆమె అత్తకు ఎదురు చెప్పకుండా నిలబడింది అందుకే.

రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో ఏమో, మర్నాడు బాలమ్మ వరండా గడపలో కూర్చుని షరతు చెప్పింది.

“నా కొడుకు గల్లీ మలుపు తిరిగేదాక అయిపోయిన ముచ్చట్లే చెప్పు. రాబోయే ముచ్చట్లు ఎత్తితివో, బోర్డు బయట పడేస్త.”

“సరే అత్తమ్మా” అంది జయ.

అలా మొదలైంది ఆ సర్కస్. వినాయక్ సెకండ్ షిఫ్టు వారమైతే, అతను బయల్దేరేదాకా భూతకాలం. ‘హీ వెంట్, హీ కేమ్’ అని చదువుతూ అందరి కళ్లూ సైకిలు మీదే. అది మలుపు తిరగ్గానే జయ గబగబా బోర్డు తుడిచి ‘విల్’ అని రాసేది. రాత్రి షిఫ్టు వారమైతే పగలు అతను నిద్రపోతాడు కాబట్టి గుసగుసలే. పొద్దుటి షిఫ్టు వారం కొంచెం నయం. కానీ అప్పుడు కొడుకు గనిలో ఉంటాడు గనక, ‘నాట్’ మాత్రం పలకొద్దని బాలమ్మ ఇంకో షరతు పెట్టింది. ఆ ఒక్క ముక్క ఆమెకు బాగా పట్టుబడింది. లోపల పిండి కలుపుతున్నా సరే, ‘నాట్’ అని వినబడితే చేతులు దులుపుకుంటూ వచ్చేది.

“ఇంటర్వ్యూల నిన్న ఏం తిన్నవని అడుగుతరా వదినె?” అని రాకేష్ విసుక్కునేవాడు. “రాబోయేదే గదా అడుగుడు!”

“దొరికిన టైమ్‌ల నేర్చుకో. నోరు తక్కువ చెయ్” అనేది జయ.

దొరికిన టైమ్‌లోనే ఆమె చెప్పేది. “ఇంటికి సుట్టం రాంగనే ‘ఆగుండ్రి, చాయ్ పెడ్త’ అంటవ్ చూడు. అప్పటికప్పుడు అనుకున్నది. అది ‘విల్’. సుట్టం వస్తడని పొద్దుగాలనే పాలు తెచ్చిపెట్టినవనుకో, అది ‘గోయింగ్ టు’. మబ్బు జూసి వాన వస్తదన్నా ‘గోయింగ్ టు’నే. గని సైరన్‌కు మాత్రం ‘విల్’ గిల్ అక్కర్లే. దాని టైమ్ రాసిపెట్టి ఉన్నది. ‘షిఫ్ట్ స్టార్ట్స్ ఎట్ ఫోర్’, గంతే.”

పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, అక్కడి బళ్లో చదివింది మరాఠీ. వాళ్లు అర్థాలన్నీ మరాఠీ అక్షరాల్లో రాసుకునేవాళ్లు.

“మనకు ‘వస్త’ అంటే అన్నీ అయిపాయె. గీళ్లకు ఇన్ని ఎందుకు వదినె?” అన్నాడు రాకేష్.

“గాళ్లనే అడుగుపో. నాకేమన్న జీతమిస్తున్నరా?”

వానలు పడ్డాయి. రాకేష్‌కు ఉప్పర్వాహి నుంచి పిలుపొచ్చింది, వచ్చే సోమవారం రమ్మని. ఆ వారం ఖర్మకొద్దీ వినాయక్‌ది సెకండ్ షిఫ్టే. గురువారం నాడు క్లాసు యథాప్రకారం భూతకాలంలో ఉంది. వినాయక్ ‘పోయొస్త అవ్వా’ అని సైకిలెక్కాడు. పది గజాలు వెళ్లాడో లేదో, బాలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి వెనకనుంచి కేకేసింది.

“వినాయకూ! వచ్చేటప్పుడు తమలపాకులు తేరా! మర్సిపోకు!”

వినాయక్ తల తిప్పి “తెస్త” అన్నాడు. వెళ్లిపోయాడు. వరండాలో ఉన్నవాళ్లంతా విన్నారు. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదని అక్కడ చిన్నపిల్లకు కూడా తెలుసు. ధనరాజ్ రాకేష్‌ను మోచేత్తో పొడిచాడు. జయ వాళ్లిద్దరి వంకా కళ్లెర్రజేసి చూసి, బోర్డు వైపు తిరిగింది.

అరగంటకల్లా కబురొచ్చింది. లారీల నుంచి రాలిన బొగ్గుపొడి వానకు తడిసి రోడ్డంతా జారుడు. వినాయక్ సైకిలు పక్కకు ఒరిగి పడింది. పెద్ద దెబ్బ తగల్లేదు, మణికట్టు విరిగింది.

బాలమ్మ అక్కడే కూలబడింది. “ఈ ఇంగిలీషే తిన్నది నా కొడుకును!” అని నెత్తి కొట్టుకుంది. ఎవరు ఏం చెప్పినా వినలేదు. ఇయ్యాల అయిపోయిన ముచ్చట్లే చెప్పినం పెద్దమ్మా అని పిల్లలంటే, మీరేం చదివిన్రో నాకేం ఎరుక అంది. లేచి బీరువా తలుపును ఈడ్చుకుంటూ పోయి, స్నానాల గది ముందు అడ్డంగా నిలబెట్టింది. రాసిన అక్షరాలు రాసినట్టే ఉన్నాయి.

సాయంత్రం చేతికి పట్టీతో వచ్చిన వినాయక్ మెత్తగానే చెప్పాడు. “కొన్ని రోజులు బంద్ పెట్టు జయా. అవ్వ మనసు నిమ్మళం కానీ.”

“కొన్ని రోజులంటే?”

“చూద్దాం తీ.”

ఆ ‘చూద్దాం’ ఏ కాలానికి చెందుతుందో జయకు తెలుసు.

మర్నాడు రాకేష్ ఆమెను వీధి నల్లా దగ్గర పట్టుకున్నాడు. రాత్రంతా ఉడికిపోయి ఉన్నాడు.

“పద వదినె, పెద్దమ్మకు నేను చెప్త. ఎనుకకెల్లి పిలిచింది ఎవరు? నువ్వా, నేనా? పదిమంది విన్నం. ధనరాజ్‌గాడు గూడ చెప్తడు. గా ఒక్క మాటతోని క్లాసు మళ్ల సురువైతది.”

“ఏం కాదు.” జయ నిండిన బిందె పక్కకు జరిపి ఖాళీది పెట్టింది. “చెప్తె రాత్రంత ఏడుస్తది. తెల్లారి లేచి నన్నే తిడ్తది. తన తప్పు తెలిసినంక ఇంకా గట్టిగ తిడ్తది. ఆమెను నాకంటె నువ్వు ఎక్కువ ఎరుగుదువా?”

“గట్లయితే అబద్ధమే నిలబడుతదా? మా సంగతేంది? సోమవారం నేను బోయి ‘హీ వెంట్, హీ కేమ్’ చదవాల్నా ఆడ?”

“మీ సంగతి, మీ సంగతి! మీది ఎట్లన్న గడుస్తది. ఇయ్యాల కాకపోతె రేపు ఎవడో ఒకడు పిలుస్తడు. మొగోళ్లు. సైకిలెక్కి పోతరు.” జయ గొంతు పెరిగింది. నల్లా దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్లు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించింది కానీ ఆగలేదు. “ఏడాదిన్నర నుంచి చెప్తున్న. ఒక్కడన్న, వదినె, నువ్వేం జేస్తవ్ అని అడిగిండ్రా? నువ్వన్న అడిగినవా?”

రాకేష్ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

బిందె నిండి పొంగింది. జయ నల్లా కట్టేసి, చుట్టూ చూసి, వాడికి దగ్గరగా వచ్చింది.

“ఉప్పర్వాహి సోమవారమే గదా? వాళ్లు అడిగేదంత అయినంక లేవంగనే లేవకు. నువ్వొకటి అడుగు.”

“ఏంది వదినె?”

“ఆఫీసుల పనికి ఆడోళ్లను తీసుకుంటరా అని. మా వదినెకు బీఏ అయ్యిందని చెప్పు, ఇంగ్లీషు మాట్లాడుతదని చెప్పు. పెండ్లి సంగతి వాళ్లు అడిగితేనే చెప్పు. తీసుకుంటమన్నా, తీసుకోమన్నా, ఇంటికి రాకు. గీ నల్లా కాడికే వచ్చి నాకొక్కదానికే చెప్పు.”