వెల్లుల్లి రసానికి నోరు తెరిచిన చేప

మదనపల్లెలో మా అమ్మాయి అద్దాల తొట్టిలో పెంచే సముద్రపు చేప ఈ రోజు రొయ్య ముక్క తినింది. తెచ్చినప్పటి నుంచి తొమ్మిది రోజులుగా ఏమీ ముట్టక చిక్కిపోయింది, చచ్చిపోతుందనే అనుకున్నాము. పూటపూటా దాని ముందు నిలబడి నా నడుము పడిపోయింది. చివరికి, మేత మానిన ఆవు నాలుకకు వెల్లుల్లి రుద్దినట్టు, రొయ్య ముక్కను వెల్లుల్లి రసంలో ముంచి అందించాను. గబుక్కున మింగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ ఆవు వైద్యం పనిచేసింది నాయనా. కానీ నేనిస్తే మొగం తిప్పుకుంటాండాది సూడు," అంది అమ్మాయి.

"రేపు నేను మనూరు చౌడేపల్లెకు పోవల్ల గదమ్మా. ఇంక నిలబడేకి కాదు."

"కుర్చీ ఏస్తాను, కూర్చోని తినిపించు."

చేప బతికిందని ఇంత సంబరపడి, ఇంత అలసిపోయిన ముసలివాడు ఇంకెవరైనా ఉంటే చెప్పండప్పా, నా పక్కన ఇంకో కుర్చీ వేయిస్తాను.