ఈరమ్మ చీటీలో అదనపు లైను

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా పిన్ని ఇంట్లో అటక మీద చప్పుడవుతోందని అందరూ కూర్చుని దండకం చదువుతుంటే, బజారుకు పోయి ఎలుకల బోను కొనుక్కొచ్చినవాణ్ణి నేను. ఎలుక పడింది. దాన్ని కళ్లారా చూశాక కూడా మా పిన్ని తాయెత్తు విప్పలేదనుకోండి, అది వేరే సంగతి. కాబట్టి ఇది భయపడి రాస్తున్నది కాదు. తప్పు చేసి రాస్తున్నది.

ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర నా ఉద్యోగం. వచ్చినవాళ్ల పేర్లు కంప్యూటర్లో ఎక్కించడం, చీటీ కొట్టి ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ మొండికేస్తే బతిమాలడం. మా డాక్టర్‌కే ఎమ్మిగనూరులో ఇంకో చిన్న ఆసుపత్రి ఉంది. రెండు చోట్లా అదే పాత సాఫ్ట్‌వేర్. నాకంటే అదే సీనియర్.

నాకు ముందు ఆ కుర్చీలో ఇరవై ఏళ్లు కూర్చున్నది బాషా సాబ్. పని నేర్పింది కూడా ఆయనే. మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. ఒకే ఊరి నుంచి నలుగురు ఈరమ్మలు వస్తారు, అందులో ఇద్దరి మొగుళ్లు ఈరన్నలు. వయసు అడిగితే నువ్వే ఏదో ఒకటి రాసుకో అంటారు. అందుకని బాషా సాబ్ రికార్డులో ‘గుర్తు’ అని ఒక గడి పెట్టించుకున్నాడు. అందులో మనిషి ఆనవాలు, పక్కనే ఆ మనిషి గురించి డాక్టర్‌కు తెలియాల్సిన మాట. ‘మేకల ఈరమ్మ. బీపీ మాత్ర మింగదు, మింగానంటుంది.’ ‘మెల్లకన్ను ఈరన్న. సూది చూస్తే పడిపోతాడు, ముందే కూర్చోబెట్టాలి.’ ఇలా ఉండేవి. పని లేనప్పుడు చదువుకుని నవ్వుకునేవాణ్ణి.

నేను చేరిన ఏడాదికి ఆయన గుండెపోటుతో పోయాడు. అంతకుముందు వారమే నాతో ఒక మాట అన్నాడు.

“అన్నీ నీ ఇష్టమొచ్చినట్ల మార్చుకో. ఆ గడి మాత్రం ముట్టగాకప్పా. జనం నన్ను నమ్మి సెప్పుకున్నేది అది.”

సరే సాబ్ అన్నాను. నా మాట రెండేళ్లు నిలబడింది. నా లెక్కన అది ఎక్కువే.

తర్వాత రెండు ఆసుపత్రుల రికార్డులనూ కలపమని డాక్టర్ చెప్పాడు. కలపాలంటే రెండు చోట్లా రికార్డు ఒకే తీరుగా ఉండాలి. రికార్డులో ఏయే గడులుండాలి, ఒక్కోదాని పేరేమిటి, ఎన్ని అక్షరాలు పడతాయి అన్నది కంప్యూటర్ లోపల ఒక జాబితాలో ఉంటుంది. దాన్ని డేటా డిక్షనరీ అంటారు. మా పాత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మార్చడానికి బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్లటి తెర మీద కమాండ్ టైపు చేయాలి.

ఎమ్మిగనూరు రికార్డులో ‘గుర్తు’ గడి లేదు. అక్కడ దాన్ని చేర్చాలంటే రెండు కమాండ్లు, ఆ తర్వాత చీటీ నమూనా కూడా సరిచేయాలి. ఆదోనిలో దాన్ని తీసేయాలంటే ఒకటే కమాండ్. నేను ఎమ్మిగనూరులో ఉన్నాను, నాలుగున్నరకు ఆదోని బస్సు. అక్కణ్ణుంచే ఆదోని కంప్యూటర్లోకి పోయి, తీసేయమని చెప్పే డ్రాప్ కమాండ్ కొట్టి, గడి పేరు ఇచ్చి, ఎంటర్ నొక్కాను. కంప్యూటర్ ఎందుకని కూడా అడగలేదు. ఇరవై ఏళ్లు ఒక మనిషి రాసింది పోవడానికి నా తుమ్ముకు పట్టేంత సేపు కూడా పట్టలేదు.

ముందుగా కాపీ తీసుకోలేదా అంటారు. తీసుకున్నాను. వారం తర్వాత ఆ పెన్ డ్రైవ్ తెరిచి చూస్తే అందులో నాలుగు సినిమాలున్నాయి. ఎవరికీ చెప్పలేదు. బస్సు మాత్రం దొరికింది, కిటికీ సీటు కూడా.

ఇంకో రెండు వారాలకు, ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, హొళగుంద నుంచి ఈరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, కూలికి పోతుంది. కాలికి కొడవలి తగిలి చీము పట్టింది, జ్వరం. పేరు కొట్టాను, చీటీ బయటికొచ్చింది. చించబోతే కింద ఒక లైను ఎక్కువగా ఉంది.

‘గుర్తు: ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. చీముకు వేసే సూది పడదు.’

చీటీలో ఏమేమి అచ్చవ్వాలో కూడా ఆ జాబితాలో నుంచే వస్తుంది. జాబితాలో లేని గడి చీటీలోకి రావడానికి వీల్లేదు. స్క్రీన్ చూశాను, లేదు. ఈరమ్మ ఎడమ చేయి కౌంటర్ మీద ఉంది. మోచేతి కింద తేలు.

ఇక్కడ నేను చేసింది రాయడమే కష్టంగా ఉంది. ఆ లైను పట్టుకుని లోపలికి పోతే, గడి ఏమైందని డాక్టర్ అడుగుతాడు. అందుకని ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంకోటి కొట్టాను. రెండోదాంట్లో ఆ లైను రాలేదు. అదే ఆమెకిచ్చి, ప్రింటర్‌కు చాదస్తం వచ్చిందని నాకు నేనే ఒక జోకు వేసుకున్నాను. తర్వాత ఇద్దరికి చీటీలు కొట్టాను. మూడో మనిషి పేరు చెబుతుంటే నాకు వినపడలేదు. లేచాను.

నేను పోయేసరికి సిస్టర్ సువార్తమ్మ సూది బయటికి తీస్తోంది. ఆ సూది ఈమెకు పడదు, ఆగమన్నాను. ఆగడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఇంకో నిమిషానికి ఈరమ్మ పెదవులు వాచాయి, ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. నేను ముందే చెప్పడం వల్ల డాక్టర్‌కు సంగతి వెంటనే తెలిసి, విరుగుడు మందు వేశాడు. రెండు రోజులు మంచం మీద ఉంచి ఇంటికి పంపారు.

ఏ మందైనా పడదా అని తాను అడిగానని సువార్తమ్మ ఏడుస్తూ చెప్పింది. ఈరమ్మ కౌంటర్ వైపు చేయి చూపించి, అన్నీ ఆడ రాసుండారు అందట. స్క్రీన్‌లో ఏమీ లేకపోతే ఏమీ లేదనే కదా ఎవరైనా అనుకునేది.

నీకెలా తెలిసిందని డాక్టర్ అడిగితే, బాషా సాబ్ ఒకసారి చెప్పినట్టు గుర్తొచ్చిందన్నాను. భుజం తట్టాడు. సువార్తమ్మ మరుసటి రోజు నాకు మైసూర్‌పాక్ తెచ్చింది. తిన్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ లైనుకు నేనొక కారణం వెతికిపెట్టుకున్నాను. తీసేసిన గడిలోని పాత ముక్క ఎక్కడో మిగిలి, ఆ రోజు బయటపడిందని. బోనులో ఎలుక పడినట్టే అనుకున్నాను.

నెలకు ఈరమ్మ కాలు చూపించుకోవడానికి వచ్చింది. అప్పటికి కమాండ్ కొట్టి ‘గుర్తు’ గడి మళ్లీ పెట్టాను. రెండు ఆసుపత్రుల్లోనూ, అంతా ఖాళీగా. వచ్చినవాళ్లను అడిగి ఒక్కొక్కటే నింపుతున్నాను. ఆమెది టైపు చేస్తూ, తేలు ఎప్పుడు వేయించుకున్నావని ఊరికే అడిగాను.

“పోయిన జాతరలో. మనవరాలు బలంతం సేసింది.”

నా వేళ్లు ఆగిపోయాయి. బాషా సాబ్ చూడలేదా అన్నాను.

“ఆయప్ప యాడ సూసినాడు? ఆయప్ప పోయినాక గదా ఏపిచ్చుకునింది.”

తర్వాత ఆమే అంది, “నువ్వు ఆ పొద్దు పరిగెత్తుకోని రాకుంటే నేను పోతాంటి.”

“పరిగెత్తలేదు పెద్దమ్మా. ఇంకో ఇద్దరికి చీటీలు కొట్టి వచ్చినా. నీ సంగతి రాసుండే గడి తీసేసింది గూడా నేనే.”

ఆమె ఎడమ చేయి తిప్పి, తేలు నాకు కనపడేలా కౌంటర్ మీద పెట్టింది.

“అయితే ఇప్పుడు రాయి. నేను సూస్తాంటా.”

ఆమెకు చదువు రాదు. అయినా నేను ఎంటర్ నొక్కేదాకా స్క్రీన్ మీంచి చూపు తీయలేదు.

జేబులో పెట్టుకున్న చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు పోతుంది, పోయింది. ఆధారం చూపించమంటే తెల్ల కాగితం చూపించగలను. ఆ లైను ఎవరు రాశారో, ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. బాషా సాబ్ రాసినవాటిలో ఇంకా నేను నింపలేనివి చాలా ఉన్నాయి. ప్రతి చీటీనీ చించే ముందు కింద లైను ఒకటి ఎక్కువుందేమోనని చూస్తాను. ఇంతవరకు రాలేదు.