రాతి ఉయ్యాలలో రాజుగారి పాప

మా అమ్మాయి సుధ పురుడికని జూలైలో ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి బేసింగ్‌స్టోక్ వచ్చాను. సూట్‌కేసులో సగం శొంఠి, కాయం, నా పాత నేత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలే. తొమ్మిదో నెలలో ఒక ఉదయం కడుపులో కదలిక లేదంది. ఆస్పత్రికి పరుగెత్తాం. ఆపరేషన్ చేసి పాపను తీశారు, కానీ ప్రాణం లేదు. సుధకు మెలకువ వచ్చాక నర్సు వచ్చి, బిడ్డను తీసుకురానా, చూస్తావా అని అడిగింది. సుధ నా వైపు చూసింది. "వద్దమ్మా, చూస్తే జన్మంతా కళ్ళముందే తిరుగుతుంది" అన్నాను. మా ఇళ్ళల్లో అంతే. తల్లికి చూపించరు, పేరు పెట్టరు, ఆ తర్వాత ఆ మాట ఎత్తరు. సుధ నా మాట విని గోడవైపు తిరిగి పడుకుంది. అంతకు ముందే పక్క గదిలో పాపను నేను ఎత్తుకున్నాను. ఆ సంగతి సుధకు తెలుసు.

ఆ తర్వాత ఏడు వారాలు సుధ అవసరమైతే తప్ప మాట్లాడలేదు. ఇక నేనుండి చేసేదేముందని అల్లుడు నా టిక్కెట్టు ముందుకు జరిపించాడు. బయల్దేరడానికి ఇంకా నాలుగు రోజులుందనగా సుధ తనంతట తాను అంది, "లండన్ చూడకుండానే వెళ్ళిపోతావా అమ్మా? రాజుల గుడి ఒకటుంది, తీసుకెళ్తాను." అది నోరు విప్పి అడిగిందే చాలనుకుని సరేనన్నాను. బిడ్డ లేకపోయినా పురిటి సెలవు ఇస్తారట ఇక్కడ, అందుకని మంగళవారమే బయల్దేరాం.

స్టేషన్‌కి టాక్సీలో వెళ్ళాం, ఐదు పౌండ్లయింది. డ్రైవరు పంజాబీ పెద్దాయన, లండన్ వెళ్తున్నామంటే నాతో హిందీలో మాట కలిపాడు. "రాణిగారి ఇంటికా అమ్మా? నేను ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడున్నాను, నన్నొక్కసారీ టీకి పిలవలేదు" అని నవ్వించి, అద్దంలోంచి సుధను చూసి, "పిల్లలెంతమంది బేటీ?" అన్నాడు. నేను గబుక్కున "ఇంకా లేరు" అన్నాను. సుధ దిగేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

మీరు వెళ్ళేటట్టయితే తొమ్మిదిన్నర దాటిన రైలు ఎక్కండి, రానుపోను టిక్కెట్టు చాలా తగ్గుతుంది. వాటర్లూ స్టేషన్‌కి ముప్పావు గంట పైన పడుతుంది. అక్కణ్ణుంచి బస్సులున్నాయి గానీ మేం వంతెన మీదుగా ఇరవై నిమిషాలు నడిచాం. కింద నది బురదరంగులో ఉంది, అయినా నమస్కారం పెట్టుకున్నాను. వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే ఆ రాజుల గుడి ముందు పావుగంట వరుసలో నిలబడ్డాం. మనిషికి పది పౌండ్లు. లోపల ఫొటోలు తీయనివ్వరు. గుమ్మం దగ్గర అలవాటుగా వంగి బూట్లు విప్పబోయాను.

"అమ్మా, ఇక్కడ విప్పక్కర్లేదు. కాళ్ళు గడ్డకట్టుకుపోతాయి."

"గుడి కదే?"

"గుడే. కానీ వాళ్ళ గుడి."

లోపలికి అడుగు పెట్టాక తెలిసింది, నేలంతా సమాధులే. పలకల మీద చెక్కిన పేర్లున్నాయి. వాటిని తొక్కకుండా పక్కపక్కల నుంచి నడుస్తుంటే సుధ వెనక్కి చూసి, "ఇలా అయితే చివరికి చేరేసరికి మూసేస్తారు" అంది. అలా తప్పుకుంటూనే వెనక ఉన్న చాపెల్ దాకా, అంటే గుడిలోనే ఉన్న చిన్న గుడి దాకా వెళ్ళాం. అక్కడ ఆకుపచ్చ గౌను తొడుక్కున్న ఒక పెద్దావిడ వచ్చినవాళ్ళకు వివరాలు చెప్తోంది. తెల్లజుట్టు, నెమ్మదైన గొంతు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పేదంతా సుధ నాకు తెలుగులో చెప్పింది.

పక్క నడవాలో ఒకే సమాధిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు, ఇద్దరూ రాణులే. పైన చెల్లెలి బొమ్మ పడుకుని ఉంటుంది, అక్కకు బొమ్మ కూడా లేదు. మగపిల్లాడు కావాలని వాళ్ళ తండ్రి అక్క తల్లిని వదిలేశాడట, చెల్లెలి తల్లి తల తీయించాడట. ఆ అక్క రాణి అయ్యాక కడుపుతో ఉన్నాననుకుంది. ఉయ్యాల సిద్ధం చేశారు, కోటంతా నెలల తరబడి ఎదురుచూసింది. బిడ్డ రాలేదు. అసలు కడుపే లేదు. ఎదుటి వైపు నేలమాళిగలో ఇంకో రాణి ఉందట. ఆమె పదిహేడుసార్లు నెల తప్పితే ఒక్క పిల్లాడు మాత్రం పదకొండేళ్ళు బతికి పోయాడట.

"మగపిల్లాడి కోసం ఇంత చేశారా!" అన్నాను.

సుధ ఆ మాట ఇంగ్లీషులో చెప్తే పెద్దావిడ నవ్వింది. "ఇప్పటికీ అంతే. తమ్ముడు పుడితే అక్క వెనక్కి జరగాల్సిందే. మా రాణిగారికి తమ్ముళ్ళు లేరు కాబట్టి సరిపోయింది."

"మా అత్తగారు ఈ రాజుల ఇంట్లో పుట్టాల్సిన మనిషి" అంది సుధ తెలుగులో. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే వాళ్ళ అత్తగారు ఫోనులో, పోనీలే, ఆడపిల్లే కదా అన్నారు. ఆ మాటను అది మనసులో పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది.

అదే నడవా చివర, గోడవారగా, ఒక రాతి ఉయ్యాల ఉంది. ఆ చెల్లెలు రాణి తర్వాత గద్దెక్కిన రాజుగారి కూతురిది. పుట్టి ఒకటి రెండు రోజులే బతికింది. ఉయ్యాల వెనకవైపే మనకు కనిపిస్తుంది. పక్కకు వంగి చూస్తే తప్ప పాప జాడ తెలియదు. పాపకు కప్పిన దుప్పటి అంచుకు లేసు కూడా చెక్కారు. పక్కనే రెండేళ్ళకు పోయిన ఈ పాప అక్క బొమ్మ మోచేతి మీద ఒరిగి ఉంది. పెద్దావిడ గొంతు ఇంకా తగ్గించి, "సింహాసనానికి ఈ పాప అక్కర్లేదు. రాజుకి అప్పటికే కొడుకులున్నారు. అయినా పేరు చెక్కించి ఇక్కడ పడుకోబెట్టారు" అంది. సుధ ఆ మాటను తెలుగులో చెప్పలేదు. ఆవిడ వెళ్ళిపోయాక నేనడిగితే చెప్పింది.

అక్కడ గంటకోసారి మైకులో ఎవరో ఫాదర్ మాట్లాడతారు, అందరూ ఉన్నచోటే ఒక్క నిమిషం నిలబడి ప్రార్థన చేసుకోమంటారు. పన్నెండింటికి అలా పిలిచారు. మనుషులంతా ఆగిపోయారు. నేను కళ్ళు మూసుకుని రామనామం మొదలుపెట్టాను.

"అమ్మా," అంది సుధ నా చెవి దగ్గర. "నువ్వు చూశావుగా. దానికి జుట్టుందా?"

ఇంకో మూడు రోజుల్లో విమానం ఎక్కుతాను. ఆ ముఖం నాతోపాటు తెనాలి వెళ్ళిపోతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఉందమ్మా. ఒత్తుగా ఉంది. తడిసి నుదుటికి అంటుకుంది."

"ఇంకా?"

"ముక్కు మీ ఆయనదే."

"పాపం," అని నవ్వబోయి ఏడ్చేసింది.

"కుడిచెయ్యి పిడికిలి. ఎడమచెయ్యి తెరిచి ఉంది, వేళ్ళు పొడుగు. ఆ చేతిలో నా వేలు పెట్టాను."

"పట్టుకుందా?"

"లేదమ్మా."

కాసేపటికి మళ్ళీ జనం కదిలారు. సుధ కళ్ళు తుడుచుకుని, "ఇన్నాళ్ళూ నీ ఒక్కదానికే ఎందుకుంచుకున్నావమ్మా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

బయటికొచ్చి పది నిమిషాల దూరంలో ఉన్న పార్కులో బెంచీ మీద పులిహోర తిన్నాం. అక్కడ తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, బాతులు మాత్రం మీదికొస్తాయి. సుధ అడిగిందే అడిగింది. రంగెలా ఉంది, బరువుందా, కళ్ళు పూర్తిగా మూసుకునే ఉన్నాయా. నాకు తెలిసినదంతా చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. ఆఫీసుల రద్దీ మొదలవకముందే నాలుగు గంటల లోపు రైలెక్కాం. రైల్లో కూడా చెప్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అల్లుడు టీ పెట్టుకుంటున్నాడు. సుధ బూట్లైనా విప్పకుండా, "ముక్కు నీదేనట" అంది. ఎవరి సంగతో ఆయన అడగలేదు. గ్యాస్ కట్టేసి, "నేనూ చూశాను సుధా. అత్తయ్యగారు ఆ మాట ఎత్తొద్దన్నారని చెప్పలేదు" అన్నాడు. నేను నా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. వాళ్ళ మాటలు చాలాసేపు వినిపించాయి.

రాజుల ఇళ్ళల్లో ఆడవాళ్ళను సింహాసనంతో కొలిచారు, మన ఇళ్ళల్లో వంశంతో కొలుస్తాం. బిడ్డ నిలిచిందా, మగబిడ్డేనా, అంతవరకే మన లెక్క. చూడకపోతే సుధ మరిచిపోతుందనుకున్నాను. మరి నేను చూశానుగా, నేనెక్కడ మరిచిపోయాను? ఏడు వారాలుగా పొద్దున్నే పూజలో ఆ పాప పేర ఒక వత్తి ఎక్కువ వేస్తూ, అది సుధ కంట పడకుండా జాగ్రత్తపడ్డాను. భగవంతుడి ముందు ఒప్పుకున్న సంగతి ఆ బిడ్డ కన్నతల్లి దగ్గర దాచాను. ఆ తప్పు తీరేది కాదు. చెప్పగలిగినదంతా చెప్పి వచ్చాను, అంతే. సుధ నా మాటల్లోంచి తన బిడ్డను చూసుకోవాలి, చేతుల్లోకి తీసుకుని చూసే రోజు మాత్రం మళ్ళీ రాదు.

అబ్బే చూడాలంటే ఆదివారం వెళ్ళకండి, ఆ రోజు ప్రార్థనకే తెరుస్తారు. కూతుళ్ళ పురుళ్ళకని ఈ దేశం వచ్చే తల్లులకు మాత్రం ఇంకో మాట. అలాంటి గడియ ఎవరికీ రాకూడదు. వస్తే, బిడ్డను చూస్తావా అని ఇక్కడి నర్సులు తల్లినే అడుగుతారు. ఆ కాసేపు మీరు బయట కారిడార్‌లో నిలబడండి.