కిటికీ పక్క సీటు మీద నీలం ఫైలు

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పొద్దుటి పాసింజరు మూడో బోగీలో నా గురించి ఒక మంచి మాట ప్రచారంలో ఉంది. ఒక అమ్మాయికి రాబోయే ఉద్యోగం చేజారిపోకుండా నేను కాపాడానని. కొత్తగా సీజన్ టికెట్ తీసుకున్నవాళ్ళకు పాతవాళ్ళు నన్ను చూపించి మరీ చెబుతారు. నేను ఏమీ అనకుండా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంటాను. అది వినయం అనుకుంటారు. కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. వేమూరులో రైలెక్కుతాను. వేమూరు వచ్చేసరికి సీట్లుండవు. అందుకని మా బోగీలో ఒక పద్ధతుంది. రేపల్లెలో ఎక్కేవాళ్ళు తర్వాతి స్టేషన్ల వాళ్ళ కోసం సీట్లు పట్టి ఉంచుతారు. సీటు మీద కర్చీఫో, టిఫిన్ బాక్సో, పుస్తకమో వేస్తే చాలు, అది మనిషితో సమానం. నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నా సరే, దాన్ని జరిపి కూర్చోరు.

ఆ సీట్లు పట్టే పని ఎక్కువగా ఒకే అమ్మాయి చేసేది. తెనాలిలో ప్రైవేటు స్కూలు టీచరు, రేపల్లె అవతల పల్లె నుంచి వచ్చేది. వాళ్ళమ్మ పొలం పనులకు వెళ్ళి చదివించింది. నన్ను బాబాయిగారూ అనేది. నాకు మోకాలు నొప్పని తెలిసినప్పటి నుంచి కిటికీ పక్క సీటు నాకే పట్టేది.

మూడో బోగీ వాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపుంది. పెట్టింది నేనే కాబట్టి అడ్మిన్‌ని నేనే. అందులో వచ్చే గుడ్ మార్నింగులు, పూల బొమ్మలు భరించలేక దాదాపు అందరం మ్యూట్‌లో పెట్టుకున్నాం. కొన్నాళ్ళకు యాప్‌లో కొత్త సదుపాయం వచ్చింది. పేరు కొట్టే చోట ‘ఆల్’ అని పెట్టి పంపితే, మ్యూట్‌లో ఉన్నా అందరి ఫోన్లూ మోగుతాయి. ఆ అమ్మాయి దాన్ని పట్టుకుంది. రోజూ ఏడు గంటలకల్లా అందరి ఫోన్లూ మోగేవి. ‘ఈరోజు ఎవరెవరు రావట్లేదు? చెబితే ఆ సీటు ఇంకొకరికి ఇస్తాను.’ మధ్యాహ్నం ఒకసారి మోగేది, సాయంత్రం బండి ఆలస్యమని. ఒక్కోసారి ఎవరిదో గొడుగు దొరికిందని.

ఒకరోజు ఆఫీసు మీటింగులో నా ఫోను పది నిమిషాల్లో మూడుసార్లు మోగింది. మా ఆఫీసరు చదువుతున్న కాగితం పక్కన పెట్టి, “మీరు ముందు ఆ ఫోన్ల పని చూసుకుని రండి, మేం ఆగుతాం” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఆఫీసరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. ఆ సాయంత్రం బండిలో కూర్చుని గ్రూపు సెట్టింగులు తెరిచాను. రెండు దార్లు కనిపించాయి. ఆ పిలుపులు నా ఒక్కడి ఫోను వరకు మోగకుండా చేసుకోవచ్చు. లేదా అందరినీ పిలిచే వీలు అడ్మిన్‌కు తప్ప ఇంకెవరికీ లేకుండా చెయ్యవచ్చు. మొదటిది సరిపోయేది. నేను రెండోది నొక్కాను. కోపంతో నొక్కాను.

మర్నాడు ఆ అమ్మాయి ఫోను చూసుకుంటూ అడిగింది. “బాబాయిగారూ, అందరినీ పిలవడం అవట్లేదేంటండీ?”

“యాప్ వాళ్ళు తీసేశారంటమ్మా. మన చేతిలో ఏముంది?” అన్నాను.

ఆ అమ్మాయి ఫోను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. “అలాగేనండీ” అని ఊరుకుంది.

రెండు నెలలు గడిచాయి. నా ఫోను మోగలేదు. ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో తెలియక ఆ అమ్మాయి అందరికీ సీట్లు పట్టేది.

ఆ తర్వాత ఒక పొద్దున నేను సెలవు పెట్టాను. పెరట్లో బోరు మోటారు చెడిపోయింది. సెలవని గ్రూపులో చెప్పలేదు. అడిగితేగా! సరిగ్గా ఆ రోజే ఆ అమ్మాయికి బాపట్లలో సర్టిఫికెట్ల పరిశీలన. ప్రభుత్వ టీచరు పోస్టుకు ఎంపికైంది. మూడోసారి రాస్తే వచ్చింది. వయసు దాటిపోయే ముందు అదే ఆఖరి అవకాశం. ఒరిజినల్స్ అన్నీ ఒక నీలం ఫైలులో పెట్టుకుని, ఒంటిగంట లోపు చూపించాలి.

రేపల్లెలో ఎక్కి, నా కోసం కిటికీ పక్క సీటు మీద ఆ ఫైలే వేసింది. వేమూరులో నేను ఎక్కలేదు. పక్క బోగీలో ఎక్కి ఉంటాననీ, జనం పలచబడ్డాక వస్తాననీ అనుకుని సీటు అలాగే ఉంచిందట. తెనాలి వచ్చింది. బాపట్ల బండి అవతలి ప్లాట్‌ఫారం మీద కదలడానికి సిద్ధంగా ఉంది. భుజాన సంచీ, చేతిలో టిఫిన్ బాక్సు చూసుకుని పరిగెత్తి ఎక్కేసింది. నిడుబ్రోలు దగ్గర ఒళ్ళో చూసుకుంటే ఫైలు లేదు.

గ్రూపులో రాసింది. మ్యూట్‌లో ఉన్న గ్రూపులో ఆ వార్త పూల బొమ్మల కింద పడిపోయింది. తెలిసిన నలుగురికి ఫోన్ చేసింది. అందరూ తెనాలిలో దిగినవాళ్ళే. ఒకాయన స్టేషన్‌కు పరిగెత్తేసరికి అదే బండి తిరిగి రేపల్లె బయలుదేరిపోయింది. నాకు అయిదుసార్లు చేసింది. నా ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. నేను పెరట్లో చేతుల నిండా గ్రీజుతో ఉన్నాను.

పదవుతుండగా నీళ్ళు తాగడానికి లోపలికొచ్చి చూశాను. అయిదు మిస్డ్ కాల్స్ కింద నా ఒక్కడికే ఒక వార్త. ‘బాబాయిగారూ, నా ఫైలు మీ సీటు మీద ఉండిపోయింది. అందరినీ పిలవడం అడ్మిన్‌కు ఒక్కరికే అవుతుందని అక్కడే రాసి ఉంది. ఒక్కసారి పిలవండి.’

రెండు నెలల కిందటే చదివిందన్నమాట. నా అబద్ధం ఆ రోజే తెలిసింది. తెలిసీ ప్రతి పొద్దునా నాకు సీటు పట్టింది.

గ్రీజు చేతులతోనే కొట్టాను. ‘ఆల్’ అని పెట్టి, నీలం ఫైలు, మూడో బోగీ, ఒంటిగంట లోపు బాపట్ల చేరాలి అని. పంపి, గడప మీద కూర్చున్నాను.

అప్పటిదాకా ఆ గ్రూపంటే నాకు రొద. ఆ తర్వాత అరనిమిషంలో జరిగింది నేనెన్నడూ చూడలేదు. ఆఫీసుల్లో, కొట్లలో, రిటైరై ఇళ్ళలో ఉన్న మనుషులంతా ఒక్కసారి తలలు తిప్పినట్టు జవాబులు వచ్చిపడ్డాయి. ‘ఏ వైపు కిటికీ?’ ‘బండి ఇప్పుడు భట్టిప్రోలు దాటి ఉంటుంది.’ ‘రేపల్లెలో ఎవరున్నారు?’ ‘నేనున్నా.’ అప్పుడు, బండిలో జామకాయలు అమ్మే ఆవిడ దగ్గర నుంచి ఒక వాయిస్ మెసేజ్. ఆవిడకు చదువు రాదు. ఎవరి చేతో చదివించుకుంది కాబోలు. చక్రాల చప్పుడులోంచి అరుస్తోంది.

“ఏంటి బాబూ, నీలం ఫైలంటనా? నా ఎదురుగుండానే ఉందయ్యా! తెనాలి నుంచీ చూస్తన్నా. ఎవరో సీటు పట్టి టిఫినుకెళ్ళారనుకున్నాం. ఇందాక ఒకాయన కూర్చోబోతే, సీటు పట్టారు కనపడట్లా, కళ్ళు కాయల గంపలో పెట్టొచ్చావా అని తిట్టా కూడాను! పాపం పెద్దాయన, నిలబడే ఉన్నాడు.”

వెనక ఎవరో ఫొటో తీసి పంపారు. కిక్కిరిసిన బోగీ. పైన కడ్డీకి వేలాడుతున్న చేతులు. ఒకరినొకరు తోసుకుంటున్న మోకాళ్ళు. వాటి మధ్య ఖాళీ సీటు, దాని మీద ఎండ పడుతూ నీలం ఫైలు. ఎవరి కోసమో తెలియని సీటు మీద, ఎవరిదో తెలియని ఫైలును చూసి, ముప్పావుగంట పైగా అంతమంది నిలబడ్డారు. ఆ ఫొటో చాలాసేపు చూశాను. నా సీటది. నా కోసం పట్టింది.

రేపల్లెలో బట్టల కొట్టాయన, సరుకు తేవడానికి మాతో తెనాలి వచ్చే మనిషి, కొట్టు మూసి ప్లాట్‌ఫారం మీదకు వచ్చాడు. జామకాయల ఆవిడ గంప దింపకుండా ఫైలు ఇచ్చింది. అక్కడ నుంచి రోడ్డు. ఆయన మోటారుసైకిల్ మీద చెరుకుపల్లి దాకా. చెరుకుపల్లిలో ఒకప్పుడు మా బోగీలో వచ్చే హెడ్మాస్టరుగారు, రిటైరై ఏళ్ళయినా గ్రూపు వదలని ఆయన, స్కూటర్‌తో రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఆయన కర్లపాలెం దాకా. అక్కడ ఆయన పాత శిష్యుడు ఒకాయన, గ్రూపులో లేనే లేడు, మాస్టారు ఫోన్ చేసి రమ్మంటే వచ్చాడు. చేతులు మారిన ప్రతిచోటా ఒక ఫొటో వచ్చేది. పెట్రోలు ట్యాంకు మీద ఫైలు. స్కూటర్ ముందు మాస్టారి కాళ్ళ మధ్య ఫైలు, కింద రాత: ‘తుమ్మినా కింద పడదు.’ నేను గడప మీదే ఉన్నాను. చేతుల మీద గ్రీజు ఎండిపోయింది. నా వంతుగా చేసింది ఏమీ లేదు, నేనే తీసేసిన దాన్ని ఒకసారి వాడటం తప్ప.

పన్నెండు నలభైకి బాపట్ల నుంచి ఫొటో వచ్చింది. ఆ అమ్మాయి రెండు చేతులా ఫైలు పట్టుకుని ఉంది. నవ్వడం లేదు. ఏడుపు ఆపుకుంటోంది.

ఉద్యోగం వచ్చింది. తర్వాతి సోమవారం మూడో బోగీలో జిలేబీలు పంచారు. సమయానికి పిలిచానని నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది.

కర్లపాలెం దగ్గర స్కూల్లో చేరేముందు చివరిసారి మాతో ప్రయాణించిన రోజు, నేనే అడిగాను. “నీకప్పుడే తెలుసు కదమ్మా?”

“మా క్లాసులో పిల్లలూ ఇంతేనండీ. హోంవర్కు ఏదిరా అంటే, పుస్తకం మేక తినేసిందంటారు.” నవ్వింది. “మీరు యాప్ వాళ్ళన్నారు.”

“మరి సీటెందుకు పట్టావు?”

“మోకాలు అబద్ధం కాదు కదండీ.”

అప్పుడే ఫోను తీసి, అందరినీ పిలిచి రాశాను. ‘ఆ సెట్టింగు నా వల్లే పోయింది. పొరపాటున నొక్కాను. ఇప్పుడు మళ్ళీ అందరికీ ఇచ్చేశాను.’ బోగీలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. చదివి, పోనివ్వండి సార్, ఎవరికైనా అవుతుంది అన్నారు. జామకాయల ఆవిడ నాకొక కాయ ఊరికే ఇచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ‘పొరపాటున’ అన్న మాట దగ్గర వేలు పెట్టి నాకు చూపించింది.

ఆ మాట సరిచెయ్యడానికే ఇదంతా రాశాను. పొరపాటు కాదు. ఒక మీటింగులో నవ్వులపాలయ్యానని, తెలిసి నొక్కాను. అడిగితే అబద్ధమాడాను. రోజూ ఆ అమ్మాయి అడిగే ఒక్క ప్రశ్న ఆ పొద్దున కూడా అడగగలిగి ఉంటే, నేను రావడం లేదని చెప్పేవాణ్ణి. ఆ ఫైలు ఆమె ఒడిలోనే ఉండేది. ఆ శాలువా జామకాయల ఆవిడకు ఇవ్వబోతే, “నాకెందుకయ్యా, ఈ ఎండల్లో” అంది. బీరువాలో ఉంది.

ఇప్పుడు ఏడు గంటలకు అందరినీ పిలిచేది నేనే. ఎవరెవరు రావడం లేదో చెప్పండి అని. మొన్న బట్టల కొట్టాయన విసుక్కున్నాడు. “పొద్దున్నే ఈ మోతేంటండీ బాబూ? నా ఫోన్లో ఎలా ఆపుకోవాలో చెప్పండి.”

ఆయన ఫోను తీసుకుని, ఆయన ఒక్కడి వరకు ఆపే చోటు ఎక్కడుందో చూపించాను.