చివరి చరణంలో పేరు

సిద్దిపేట బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ తొడ మీద తాళం వేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. నేను పిల్లలకు నేర్పే కీర్తనే. అనుపల్లవిలో ఒకచోట స్వరాన్ని కిందికి దించేసరికి నా టీచరు బుద్ధి ఊరుకోలేదు.

"అక్కడ పైకి వెళ్లాలమ్మా. పుస్తకంలో అట్లాగే ఉంది."

"నేను కట్టినప్పుడు కిందికే దిగింది బిడ్డా. మా సారు మార్చిండు."

కీర్తన ఎవరు కడితే వాళ్ల పేరు చివరి చరణంలో రావడం ఆనవాయితీ. ఇందులో వచ్చేది ఒక పెద్ద విద్వాంసుడి పేరు. ఆయనే ఆమె గురువట.

"మరి మీ పేరు పెట్టుకోలేదా?"

"ఆడిదాని పేరుంటే ఎవలు పాడుతరన్నడు. నిజమే అనుకున్న. గిప్పుడు నాదని చెప్తే ఇంట్లోళ్లే నవ్వుతరు."

బెజ్జంకి బస్సు వచ్చింది. ఆమె సంచి అందుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగి, ఆ చోటు నేను చెప్పినట్టే పైకి పాడి చూపించింది.

"గిట్లనే కదా?"

నేను తలూపాను. ఆమె బస్సెక్కింది.

పుస్తకంలో ఉన్నట్టు పాడితేనే పరీక్షలో మార్కులు వేస్తారు. ఇప్పటికీ అట్లాగే నేర్పుతున్నాను.